నిమ్మపండు రంగు

పొద్దు పొడవకముందే మగ్గమెక్కాలి, సాయంత్రానికల్లా పెళ్లిచీర కొంగు ముగించాలి. గద్వాల ఈరన్న ఆనాటి ఆలోచన ఇంతే. నోటిపూతకు మెడికల్ షాపు ప్రేమ్ కుమార్ ఇచ్చిన బలం గోలీ రాత్రే మింగాడు. మంట తగ్గింది. హాయిగా లేచి దొడ్లోకి వెళ్లాడు. చూస్తే మూత్రం పచ్చగా ఉంది!

పట్టు రంగులు ఎంచే కన్ను ఊరుకుంటుందా? పసుపు కాదు, బంగారు రంగూ కాదు, పండిన నిమ్మపండు రంగని తేల్చేసింది. ఈరన్న ఇంట్లోకి పరుగెత్తాడు.

"కమలా, నాకు కామెర్లొచ్చినయే!"

భార్య కమల అతని కన్రెప్ప లాగి చూసింది. ఏమీ కనబడలేదు. దాంతో ఆమె మరీ హడలిపోయింది. "లోపలికే దిగినయేమోనయ్యా! నీరసం రాకముందే ఆ బలం గోలీ ఇంకోటి మింగు!"

మింగాడు. మధ్యాహ్నానికి రంగు ఇంకా చిక్కబడింది. మరో రెండు మింగాడు. కారం బందు, నూనె బందు, మగ్గమూ బందు. తనకెక్కడ అంటుకుంటుందోనని కమల కూడా ఒకటి వేసుకుంది. తెల్లారేసరికి దొడ్లోంచి ఆమె కేక వినబడింది.

"ఓ దేవుడా, నాక్కూడా!"

ఇక ఆగలేదు. ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి, గట్టు అనే ఊళ్లో కామెర్లకు వాతలు పెట్టే కురుమయ్యకు కబురందేలా ఫోన్ చేసింది. మధ్యాహ్నం బస్సుకు అతను ఇనుప కడ్డీతో దిగాడు. పొయ్యిలో కడ్డీ ఎర్రబడుతుంటే ఈరన్న గోడవారకు జరిగాడు. కామెర్లకన్నా ఆ కడ్డీకే ప్రాణాలు పోయేలా ఉన్నాయి.

"కుడిచెయ్యి పట్టు."

"కురుమన్నా, నీ కాల్మొక్త! ఆ చేత్తోనే మగ్గంల పోగు నేసే నాడె ఇసరాలె. కాలికి పెట్టరాదే?"

"కాళ్లతోటి మగ్గం తొక్కవా ఏంది?" అంది కమల ఏడుస్తూనే.

కురుమయ్య మణికట్టు పట్టుకున్నాడు. రెండో చేత్తో కడ్డీ ఎత్తి, మధ్యలోనే ఆపాడు.

"ఏ రంగన్నవ్?"

"పండిన నిమ్మపండు."

కురుమయ్య కడ్డీ బూడిదలో పెట్టేశాడు. గొంతు తగ్గించాడు. "నాక్కూడా గట్లనే ఉన్నది తమ్మీ. వారమాయె. ఊర్ల ఎవ్వరికీ చెప్పలే."

"మరి నువ్వు వాత పెట్టుకోలేదా?"

"అమ్మో! మస్తు మండుతదంటరు!"

నీరసం వచ్చినట్టుందని కురుమయ్య జేబులోంచి గోలీల పట్టీ తీశాడు. ఈరన్న కళ్లు పెద్దవి చేశాడు. తను మింగుతున్న గోలీలే అవి, ప్రేమ్ కుమార్ షాపువే!

ముగ్గురూ ప్రేమ్ కుమార్ మీద పడ్డారు. అతను తాపీగా వాళ్ల కళ్లు చూశాడు, ఆకలి అడిగాడు, జ్వరం అడిగాడు.

"అది గోలీ రంగే. ఒంటికి పట్టంగ మిగిలింది గట్ల పోతది. రోజుకొక్కటంటే పట్టీ మొత్తం మింగుతరా? కండ్లు పచ్చబడితే దవాఖానకు పోవాలె గని, వాతలేంది?"

"రంగు మారుతదని ముందుగాల చెప్పొద్దా?" అని ఈరన్న అరిచాడు.

"చెప్తే మింగుతుంటిరా?"

ఈరన్న చెయ్యి దక్కింది, ఆ రాత్రికి చీరా మగ్గం దిగింది. కురుమయ్య మాత్రం ఆనాటి నుంచి, కడ్డీ పొయ్యిలో పెట్టే ముందు ప్రతి ఒక్కరినీ ఒక్కమాట అడుగుతున్నాడు: "ఏ మెడికల్ షాపు?"