వరసలో మంత్రిగారి బుట్ట

దేశం ఎందుకు వెనకబడిందో కొనుగోలు క్రమశిక్షణ శాఖ మంత్రిగారు కనిపెట్టారు. ఇందుకోసం ఆయన మూడు దేశాలు తిరిగి, అక్కడి జనం వరసలో ఎలా నిలబడతారో కారులోంచి స్వయంగా చూసి వచ్చారు.

"బిల్లు చేతికొచ్చాక పర్సు వెతుక్కునే పౌరుడే ప్రగతికి ప్రథమ శత్రువు," అని టీవీలో ప్రకటించారు. "నేటి నుంచి 'సిద్ధంగా రండి' ఉద్యమం! మొదటి అడుగు నాదే. సామాన్యుడిలా సూపర్‌మార్కెట్‌కి వెళ్తాను. సామాన్యుడిలా వరసలో నిలబడతాను. నన్ను చూసి సామాన్యుడు నేర్చుకోవాలి."

ఆ మాటలు వింటూ ఒక సూపర్‌మార్కెట్ మూడో కౌంటరు క్యాషియర్ నోటి దగ్గరి ముద్ద నోటి దగ్గరే ఆపేసింది.

ఆమెకు మనుషుల మీద కోపం లేదు. పరిశీలన ఉంది. ఇంట్లో, ఆఫీసులో దాచుకున్న మనసు కౌంటరు దగ్గర పూర్తిగా బయటపడుతుందని ఆమె నమ్మకం. రోజంతా నిలబడి చూసి చూసి, వాళ్లకు లోలోపల పేర్లు పెట్టుకుంది. బిల్లయ్యాక హ్యాండ్‌బ్యాగ్ అడుగుదాకా తవ్వేవాళ్లు గని కార్మికులు. ఫోన్లో లోకమంతా మాట్లాడుతూ ఆమెతో మాత్రం సైగలు చేసేవాళ్లు మౌనమునులు. ధర చీటీ ఊడిన డబ్బా తెచ్చి, "అయితే ఇది ఫ్రీనా?" అని తామే నవ్వుకునేవాళ్లు హాస్య చక్రవర్తులు. వీళ్లందరినీ ఆమె ఎప్పుడో క్షమించేసింది. క్షమించలేకపోయింది ఒక్క జాతినే. వరసలో బుట్ట పెట్టి, "ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తా" అని మాయమయ్యే నిమిషం మనుషుల్ని. ఎదుటివాడి కాలం కూడా తమ జేబులోదే అనుకుంటారు వాళ్లు.

ఇన్నాళ్లకు ప్రభుత్వంలో ఒకరికి తన బాధ అర్థమైంది! అంతటి మనిషికి తన కాళ్ల నొప్పి కూడా అర్థం కాకపోతుందా అనిపించింది. ఆమెకు కావలసిందల్లా ఒక స్టూలు. అడిగినప్పుడల్లా మేనేజరు, "క్యాషియర్ కూర్చుంటే షాపు పడుకున్నట్టుంటుందమ్మా," అనేవాడు. మంత్రిగారు వచ్చేది తమ షాపుకేనని తెలిశాక అడిగితే విసుక్కున్నాడు. "మంత్రిగారు నీ కౌంటరుకే వస్తున్నారుగా, ఆయన్నే అడుగు. ఆయన సరేనంటే కాదనడానికి నేనెవర్ని?"

అంతే, స్నానం చేస్తూ, బస్సులో వేలాడుతూ ఒకే వాక్యం వల్లెవేసుకుంది. "సార్, నిలబడి చేసే పని కూర్చుని కూడా చెయ్యొచ్చు సార్."

ఆ రోజు రానే వచ్చింది. భద్రత పేరుతో మిగతా కౌంటర్లన్నీ మూసేశారు. మంత్రిగారు ముందు, కెమెరాలు పక్కన, మెత్తటి కుర్చీ మోస్తూ ఇద్దరు మనుషులు వెనక వచ్చారు.

"సార్ వరసలో నిలబడతారన్నారు కదా?" అడిగాడు విలేకరి.

"నిలబడతారు," అన్నాడు పీఏ. "కూర్చుని నిలబడతారు."

మంత్రిగారి ముందు ఒక పెద్దాయన, వెనక ఐస్‌క్రీం డబ్బాతో ఒక తల్లీబిడ్డా, ఆ వెనక ఒక లారీ డ్రైవరు, ఇంకా బోలెడుమంది. మంత్రిగారి ఒళ్లో బుట్ట, బుట్టలో ఒక సబ్బు. వరసలో ఎలా నిలబడాలో మంత్రిగారు కూర్చుని చూపించారు. ఫొటోలయ్యాయి. అప్పుడాయన గడ్డం తడుముకున్నారు.

"అరెరే, షేవింగ్ క్రీం మర్చిపోయాను. ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తా!"

బుట్ట కుర్చీలో పెట్టి వెళ్లిపోయారు.

'నిమిషం మనిషి!' అనుకుంది క్యాషియర్. మరుక్షణమే ఆమె మనసు ఆయన తరఫున వకాల్తా పుచ్చుకుంది. ఎలా ఉండకూడదో కూడా చూపించాలి కదా, పాపం.

పెద్దాయన సామాను కట్టించుకుని వెళ్లిపోయాడు. పీఏ కుర్చీని ముందుకు నెట్టాడు.

"ఆయన వచ్చేలోగా మమ్మల్ని పోనివ్వండి," అంది తల్లి.

"మంత్రిగారి తర్వాతే మీరు."

"ఏరీ మంత్రిగారు?"

"కనిపించడం లేదా, బుట్ట?"

"బుట్ట మంత్రా?"

"సార్ లేనప్పుడు బుట్టే సార్. ప్రోటోకాల్!"

"ఐస్‌క్రీం కరిగిపోతోందయ్యా బాబూ!"

"అందుకే సిద్ధంగా రమ్మన్నారు. కరగనివి కొనుక్కోవాలి."

"పోనీలే అక్కా," అన్నాడు డ్రైవరు. "ఈ మంత్రే నయం. ప్రసంగం చెయ్యదు."

వరసంతా గొల్లున నవ్వింది. తల్లి ఇక లాభం లేదనుకుని డబ్బా మూత తీసింది. ఎవరి బుట్టలోంచో చెంచాల పొట్లం బయటికొచ్చింది.

అరల వెనక నుంచి మంత్రిగారి గొంతు వినిపిస్తోంది. "ఏమోయ్, నేను గడ్డానికి ఏ క్రీం వాడతాను?"

ఫోన్ స్పీకర్లో ఇల్లాలి గొంతు అంతకన్నా గట్టిగా పలికింది. "మీరెప్పుడు గీసుకున్నారని? గీసేవాణ్ణి అడగండి!"

గీసేవాడి నంబరు పీఏ దగ్గరుంది. పీఏ పరిగెత్తాడు. కాసేపటికి ఒక్కడే తిరిగొచ్చాడు.

"సార్‌కి ఇంకో చోట ప్రారంభోత్సవం ఉంది. వెనక గుమ్మం నుంచి వెళ్లిపోయారు. కార్యక్రమం దిగ్విజయం! బిల్లు వెయ్యమ్మా."

"సంచి తెచ్చారా సార్?"

"సంచా?"

"కార్డా, క్యాషా?"

పీఏ పై జేబు, పక్క జేబు, లోపలి జేబు తడుముకున్నాడు. "పర్సు సార్ కారు డ్రైవర్ దగ్గర ఉండిపోయింది. ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తా!"

పీఏ ఎక్కిన కారు వెళ్లిపోయిన చప్పుడు అందరికీ వినిపించింది.

ఇన్నాళ్లూ వల్లెవేసిన వాక్యం ఆమె గొంతులో అలాగే ఉంది. మింగితే దిగేలా లేదు. ఆమె కుర్చీ వంక చూసింది, కుర్చీలోని బుట్ట వంక చూసింది. చేతులు కట్టుకుని, స్పష్టంగా అంది.

"సార్, నిలబడి చేసే పని కూర్చుని కూడా చెయ్యొచ్చు సార్."

బుట్ట అభ్యంతరం చెప్పలేదు.

ఆమె బుట్టను గౌరవంగా కౌంటరు చివర పెట్టి, కుర్చీని లోపలికి లాక్కుని కూర్చుంది. మేనేజరు రొప్పుతూ వచ్చాడు.

"లే, లే! అది మంత్రిగారి కుర్చీ!"

"మంత్రిగారు సరేనన్నారండి."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. బుట్టనడిగాను, కాదనలేదు. ఆయన లేనప్పుడు బుట్టే ఆయనని పీఏగారే చెప్పారు. అందరూ విన్నారు."

"విన్నాం!" అంది వరస, చెంచాలెత్తి.

మేనేజరు బుట్టకేసి చూశాడు. గొంతు తగ్గించి, "సార్‌ని మాత్రం కదపకు," అన్నాడు.

మర్నాడు పేపర్లో మొదటి పేజీ వార్త. 'సామాన్యుల వరసలో మంత్రి. కడదాకా చెక్కుచెదరని క్రమశిక్షణ.' ఆమె రోజూ సబ్బు మీద దుమ్ము తుడిచేది, కూర్చునే.

ఎన్నికలొచ్చాయి. మంత్రి మారారు. కొత్త మంత్రిగారు కొత్త కెమెరాలతో, ఇంకాస్త మెత్తటి కుర్చీతో అదే షాపుకొచ్చారు.

"ఈ బుట్ట ఎవరిదమ్మా?"

"పాత మంత్రిగారిదండి. ఒక్క నిమిషంలో వస్తామన్నారు."

కొత్త మంత్రిగారు చలించిపోయారు. "పార్టీలు వేరైనా వరస వరసే," అని తన బుట్టను దాని వెనకే పెట్టి, తను తెచ్చిన కుర్చీలో కూర్చుని ఫొటో దిగారు. తర్వాత ఆయనకు టూత్‌బ్రష్ గుర్తొచ్చింది.

ఇప్పుడు నాలుగో కౌంటరు అమ్మాయి కూడా కూర్చునే పని చేస్తోంది. మిగిలిన ముగ్గురు క్యాషియర్లూ, ప్రభుత్వం ఎప్పుడు పడిపోతుందా అని, రోజూ పొద్దున్నే పేపరు తిరగేస్తున్నారు.