ఆస్బర్ట్ దొరకు మైనారిటీ తీరిన వైనం

తండ్రి పోయిన పిల్లలందరికీ ఇక మీదట రాజుగారే తండ్రి అని థార్న్‌మియర్ చర్చి గుమ్మంలో నిలబడి దండోరావాడు చాటాడు. వినపడనివాళ్ళ కోసం కొమ్ము ఊది మళ్ళీ చాటాడు. అనాథలను తలుచుకుని రాజుగారి గుండె రేయింబవళ్ళు కరిగిపోతోందనీ, ఆ కరిగింది నేలపాలు కాకుండా పట్టుకోవడానికి లింకన్ జిల్లాకు ఫుల్క్ దొరను వారసుల అధికారిగా వేశారనీ చెప్పాడు.

అంతా విన్నాక తుంగచాపలు అల్లే ఆవిడొకతె ముందుకొచ్చి, తన మొగుడూ పోయాడనీ, ముగ్గురు పిల్లలనీ, వాళ్ళను ఎప్పుడొచ్చి తీసుకెళ్తారనీ అడిగింది. భూమి ఎంతుందని అడిగాడు దండోరావాడు. లేదంది. అయితే వాళ్ళు అనాథలు కారు, ఊరికే తండ్రి లేని పిల్లలు, రాజుగారు మాత్రం ఎంతమందికని తండ్రి అవుతారు అని నచ్చజెప్పి పంపాడు.

గుంపు చివర చంకలో పిల్లాడితో నిలబడిన ఏవిస్ ఆ చాపలావిడ వంక అసూయగా చూసింది.

ఏవిస్ మొగుడు విమండ్ ఈస్టర్ ముందు ఉపవాసాల రోజుల్లో చలిజ్వరంతో పోయాడు. అతనికున్నది బోలెడు ఊబి, దాని మధ్యలో ఎప్పుడూ నీళ్ళెక్కని ఒక మెరక పచ్చిక. శిస్తు లేదు. రాజుగారు యుద్ధానికి వెళ్తే వెనకాల ఈటె పట్టుకుని నడవాలి, అంతే. ఆ భూమి నేరుగా రాజుగారి నుంచి వచ్చిందని విమండ్‌కు మహా గర్వం. బీరు తాగినప్పుడల్లా, నాకూ రాజుకూ మధ్య ఎవడూ లేడని బల్ల గుద్ది చెప్పేవాడు. ఇప్పుడు అతనే పోయాడు. పిల్లాడికీ రాజుకూ మధ్య నిజంగానే ఎవరూ లేరు.

ఈటె కింద భూమి ఉన్నవాడు పోతే, వారసుడికి ఇరవై ఒకటి నిండేదాకా భూమీ పిల్లాడూ రాజుగారి సంరక్షణలోకి పోతారు. రాజుగారికి తీరిక ఉండదు గనక ఆ సంరక్షణను పాటకు పెడతారు. ఎవరు ఎక్కువ పాడితే పిల్లాడు వాళ్ళింటికి వెళ్తాడు. పెద్దయ్యాక వాడికి ఎవరితో పెళ్ళి చేయాలన్నదీ పాట పాడినవారి ఇష్టమే. ఈ ఏర్పాటులో తల్లి అనే మనిషి ఎక్కడా తగలదు. అంత చక్కగా ఆలోచించి కట్టారు.

ఏవిస్ కొడుకు ఆస్బర్ట్‌కు ఇంకా ఏడాది నిండలేదు.

పాట ఇంకా మొదలు కాకముందే పొరుగున ఉన్న రీనాల్డ్ దొర సరుకు చూసుకోవడానికి వచ్చాడు. ఆయన దగ్గర ఇప్పటికే ఏడుగురు అనాథలు పెరుగుతున్నారు. పిల్లలు ఒంటరిగా బెంగపడతారని వాళ్ళను వేటకుక్కల పక్క గదిలోనే ఉంచుతాడు, అంత దయ. ముందు మెరక మీద అటూ ఇటూ నడిచి, గడ్డి నమిలి చూశాడు. తర్వాత ఆస్బర్ట్ నోరు తెరిచి పళ్ళు చూశాడు. నాలుగే ఉన్నాయేమని ఏవిస్‌ను నిలదీశాడు. మిగతావి వస్తాయండీ అని చెప్పి, చెప్పాక నాలుక కరుచుకుంది. రావని చెప్పి ఉంటే ఒకవేళ వదిలేసేవాడేమో అని ఆ రాత్రంతా కుమిలింది.

మర్నాడు పిల్లాడితో సహా వెళ్ళి ఫుల్క్ దొర కాళ్ళ మీద పడింది. దొర ఆ సమయానికి భోజనం చేస్తున్నాడు. పాముచేపల కూరంటే ఆయనకు ప్రాణం. జిల్లాలో ఏ అనాథ ఇంటికి విచారణకు వెళ్ళినా ముందు ఆ కూర తిని, ఆ తర్వాతే బాధపడేవాడు.

"దొరగారూ, వాడు నా చెవి పట్టుకుంటే గాని నిద్రపోడండీ," అంది ఏవిస్. ఇంకా చాలా అనాలనుకుంది గాని, నోట్లోంచి వచ్చింది అదొక్కటే.

ఫుల్క్ దొర తినడం ఆపాడు. ఎడంపక్క కూర్చున్న గుమాస్తా ఆడమ్‌తో గుసగుసగా ఏదో ఆలోచించాడు. ఒక అధికారి ఒక బీదరాలి మాటకు ఇంత విలువివ్వడం ఆ జిల్లాలో అంతకు ముందు ఎవరూ చూడలేదు.

"రీనాల్డ్ దొరకీ రెండు చెవులున్నాయమ్మా," అన్నాడు చివరికి. "నేను స్వయంగా చూశాను."

విచారణ చర్చిలోనే పెట్టారు. విచారణంటే, ఊళ్ళోంచి పన్నెండుమంది పెద్దమనుషులను పిలిచి, పోయినవాడి భూమి ఎంత, వారసుడెవరు, వాడికెన్నేళ్ళు అని ప్రమాణం చేయించి అడుగుతారు. వాళ్ళు చెప్పిందే నిజం. చెప్పినదాన్ని మళ్ళీ వెళ్ళి చూడటం అంటే పన్నెండుమందినీ అవమానించడమే.

ఈ పన్నెండుమందీ కొత్తవాళ్ళు కాదు. కిందటి నెలలోనే పక్క ఊరి జమీందారు కొడుకుకు ఇరవై ఒకటి నిండాయని ఇదే చర్చిలో ప్రమాణం చేశారు. ఆ అబ్బాయికి పదిహేడు. అయినా అతను ఫుల్క్ దొరను ఎంతో గౌరవంగా చూసుకున్నాడు. అందుకని అప్పుడు ఆడమ్ వారం రోజులపాటు ఈ పన్నెండుమందినీ పిండి మిల్లులో కూర్చోబెట్టి, ఏం చెప్పాలో నేర్పాడు. వయసు చెబితే చాలదు, ఎలా గుర్తుందో కూడా చెప్పాలి. ఆ పుట్టిన రోజునే తన కాలు విరిగిందనో, కూతురు పెళ్ళయిందనో ఏదో ఒకటి చెప్పాలి. పొలం పనులు మానుకుని, ఒకరికొకరు అప్పజెప్పుకుని వాళ్ళు ఆ పాఠం నేర్చారు. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళు. వాళ్ళ పెళ్ళాలైతే నిజంగానే లేపి చెప్పించుకుని నవ్వేవాళ్ళు.

వాళ్ళకు పెద్ద, ఆ మిల్లు నడిపే హామో. అతను ముందుకొచ్చి పుస్తకం మీద చెయ్యి పెట్టాడు.

"విమండ్ వారసుడెవరు?" అడిగాడు ఆడమ్.

"కొడుకండీ. ఆస్బర్ట్."

"వయసు?"

"ఇరవై ఒకటి నిండాయండీ," అన్నాడు హామో.

ఏవిస్ ఒళ్ళో ఆస్బర్ట్ తన కాలి బొటనవేలు నోట్లో పెట్టుకోవాలని శతవిధాల ప్రయత్నిస్తున్నాడు.

ఆడమ్ కలం ఆగింది. "ఎలా గుర్తు?"

"గుర్తులేకేం బాబూ. వాడి బాప్టిజం నుంచి ఇంటికెళ్తూ గుర్రం మీంచి పడి ఈ ఎడంకాలు విరగ్గొట్టుకున్నా. అది విరిగి ఇరవై ఒక్కేళ్ళు."

రెండోవాడు వచ్చి అదే రోజు తన కుడికాలు విరిగిందన్నాడు. మూడోవాడికి చెయ్యి. నాలుగోవాడు ఆ రోజే పెళ్ళి చేసుకున్నానని, ఎముక విరగనివాడు తానొక్కడేనని చెప్పాడు. ఒకరి తర్వాత ఒకరు పన్నెండుమందీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారు. పన్నెండోవాడు మధ్యలో మర్చిపోతే ఆడమే అలవాటు కొద్దీ అందించాడు.

తర్వాత ఫుల్క్ దొర వారసుణ్ణి కళ్ళారా చూడాలి. అదీ చట్టమే. చూశాడు. ఆస్బర్ట్ కూడా ఆయన్ను చూసి చొంగ కార్చాడు.

"హామో," అన్నాడు దొర నెమ్మదిగా, "ఇతగాడికి ఇరవై ఒకటా?"

"మాకు వచ్చింది అదొక్కటేనండీ," అన్నాడు హామో. అతని మొహంలో ఏమీ లేదు. పిండి తప్ప.

ఫుల్క్ దొరకు కోపం వచ్చింది. పన్నెండుమందినీ అబద్ధపు ప్రమాణానికి కొట్లో వేయిస్తానన్నాడు. అప్పుడు ఆడమ్ వంగి ఆయన చెవిలో ఊదాడు: ఈ కాళ్ళూ చేతులూ ఇవాళ అబద్ధమైతే కిందటి నెలా అబద్ధమే అవుతాయి, జమీందారు కొడుకు మళ్ళీ పదిహేడేళ్ళవాడై పోతాడు, అతను చూపిన గౌరవమంతా తిరిగివ్వాలి. దొర మొహం వాడిపోయింది. ఆడమ్ మళ్ళీ ఊదాడు: మైనరు తన భూమి ఎవరికీ రాసివ్వలేడు, మేజరైతే తన చేత్తో తాను ఇచ్చుకోవచ్చు. ఆ మెరక పచ్చిక దొరగారి బాతులకు చాలా బాగుంటుంది.

ఫుల్క్ దొర ఆస్బర్ట్‌ను ఈసారి చాలాసేపు చూశాడు.

"మనిషి కాస్త పొట్టి," అన్నాడు. "రాసుకో."

అలా ఆ ఉదయం ఆస్బర్ట్‌కు మైనారిటీ తీరింది. రీనాల్డ్ దొర పాట కోసం తెచ్చుకున్న డబ్బు మూట మళ్ళీ నడుముకు కట్టుకుని, పళ్ళు తాను లెక్కపెట్టాననీ నాలుగేననీ గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఏవిస్‌కు ఏం జరిగిందో సగమే అర్థమైంది. మెరక పోతుందన్నది అర్థమైంది. పిల్లాడు ఉంటాడన్నదీ అర్థమైంది. ఆ రెండో సగం చాలనుకుంది.

మెరకను ఊరికే తీసుకుంటే లంచమంటారని ఫుల్క్ దొర దాన్ని పద్ధతిగా ఆస్బర్ట్ కింద పట్టా పొందాడు. ఏటా ఏదో కొంచెం శిస్తు అని రాసుకుంటే సరిపోతుందని ఆడమ్ సలహా ఇచ్చాడు. దొర ఒప్పుకోలేదు.

"శిస్తు కట్టడానికి నేనేమైనా రైతునా? ఈటె కింద రాయి. మర్యాదగా ఉంటుంది."

ఈటె కింద భూమి పుచ్చుకునేవాడు ఇచ్చిన దొర ముందు మోకరిల్లి, రెండు చేతులూ ఆయన చేతుల మధ్య పెట్టి మాట ఇవ్వాలి. ఫుల్క్ దొర కత్తి తీసి పక్కన పెట్టి, టోపీ తీసి, ఏవిస్ ఒడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయన బరువైన మనిషి. ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టారు.

"నేను నీ మనిషిని," అన్నాడు. "నా ప్రాణమూ నా గౌరవమూ నీవి."

ఆస్బర్ట్ దొర ఆయన చూపుడువేలు పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఉన్న నాలుగు పళ్ళతోనూ కొరికాడు. స్వీకరించారని ఆడమ్ రాశాడు.

వేసవంతా ఫుల్క్ దొర బాతులు మెరక మీద బలిశాయి. ఆస్బర్ట్ దొర గోడ పట్టుకుని నడక నేర్చాడు. పంటలన్నీ ఇళ్ళకు చేరాక ఒక అనాథ ఇంటి విచారణలో ఫుల్క్ దొర పాముచేపల కూర మూడోసారి వడ్డించుకుని, బాధపడే వంతు రాకముందే పోయాడు. జిల్లా అంతా నివ్వెరపోయింది. అంతటి అధికారి చేతిలో పని సగంలో ఉండగా పోవడం అదే మొదటిసారి.

కొత్త అధికారి వచ్చాడు. ఫుల్క్ దొర ఆస్తి ఎంతో విచారించాడు. మూడు ఊళ్ళూ, రెండు మిల్లులూ ఆయనవేనని అందరికీ తెలుసు. కానీ వాటిని ఆయన నమ్మకమైన మనుషుల పేర్ల మీద పెట్టుకున్నాడు. దొర పోయిన మర్నాడే ఆ మనుషులందరికీ ఆ పేర్లు తమవేనని గుర్తొచ్చింది. ఆయన సొంత పేరు మీద, సరైన పట్టాతో, సాక్షుల ఎదుట తీసుకున్నది బాతుల మెరక ఒక్కటే.

వారసుడు కొడుకు డ్రోగో. అతని వయసు చెప్పడానికి ఆ పన్నెండుమందినే పిలిచారు. ఫుల్క్ దొర భార్య ఇసోల్డ దొరసాని వాళ్ళకు ముందు రోజే ఒక పీపా బీరు పంపింది. ఆమె నిశ్చింతగా ముందు వరసలో కూర్చుంది. అయితే కొత్త అధికారి మొదటే ఒక ఆజ్ఞ వేశాడు. ఈ జిల్లాలో గుర్రాల మీంచి పడినవాళ్ళు మరీ ఎక్కువయ్యారనీ, ఇంతమంది కుంటివాళ్ళు యుద్ధానికెలా వస్తారని రాజుగారు దిగులుపడుతున్నారనీ, ఇక మీదట విరిగిన కాళ్ళూ చేతుల మాట ఎవరూ ఎత్తకూడదనీ చెప్పాడు.

పన్నెండుమందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వచ్చిన పాఠం పోయింది. కొత్తది ఎవరూ నేర్పలేదు. హామో చాలాసేపు తల గోక్కున్నాడు.

"పంతొమ్మిదండీ," అన్నాడు దిక్కుతోచక. నిజం చెప్పాడు.

ఈటె కింద భూమి గనక, ఇరవై ఒకటి నిండలేదు గనక, డ్రోగో సంరక్షణ రాజుగారికి కాదు, భూమి ఇచ్చిన దొరకు చెందుతుంది. కొత్త అధికారి కాగితాలు తిప్పి చూశాడు. భూమి ఇచ్చినవాడు ఆస్బర్ట్ దొర. మేజరు. మీద ఒక్క ఫిర్యాదు లేదు. తాగుబోతు కాడు, జూదరి కాడు. ఇంతకన్నా మంచి సంరక్షకుడు ఈ జిల్లాలో దొరకడని సంతోషించాడు.

ఆ సాయంత్రం ఏవిస్ వాకిట్లో బార్లీ జావ చల్లారబెడుతుంటే బండి వచ్చి ఆగింది. ఆడమ్ దిగాడు. తర్వాత పరుపు దిగింది. తర్వాత గడ్డం నిండా పెరిగిన ఒక ఆరడుగుల మనిషి దిగి, తల వంచుకుని నిలబడ్డాడు. బండి వెనకాలే నడిచి వచ్చిన ఇసోల్డ దొరసాని గుమ్మం దాకా రాలేక కంచె దగ్గరే ఆగిపోయింది. ఆమె చెప్పుల నిండా బురద.

"ఏవిస్," అంది. ఎప్పుడూ పేరు పెట్టి పిలవని మనిషి. "వాడు పక్కన దీపం లేందే నిద్రపోడమ్మా."

ఏవిస్‌కు చెప్పాల్సిన జవాబు తెలుసు. అది ఆమె నాలుక చివరే ఉంది, ఫుల్క్ దొర కాళ్ళ మీద పడిన రోజు నుంచీ. మా ఇంట్లోనూ దీపాలున్నాయి అనాలి. ఆమె దొరసాని చెప్పులను చూసింది. జావ గిన్నె చేతుల్లో అలాగే ఉంది.

"లోపలికి రండి," అంది. "ఇద్దరూ."

సంరక్షకుడు అనాథను స్వయంగా స్వాధీనం చేసుకోవాలని ఆడమ్ గుర్తు చేశాడు. డ్రోగో పొయ్యి పక్కన నేల మీద కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ ఏడ్చాడేమో కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆస్బర్ట్ దొర గోడ వదిలేసి తడబడుతూ నాలుగడుగులు వేశాడు. డ్రోగో ఒళ్ళో పడ్డాడు. గడ్డం తడిమి చూశాడు, నచ్చలేదు. పైకి పాకి అతని ఎడంచెవి దొరకబుచ్చుకుని, గట్టిగా పట్టుకుని, నిద్రపోయాడు.

డ్రోగో కదల్లేదు. కదిలితే లేస్తాడని భయం.

ఇద్దరు తల్లులూ గుమ్మంలో నిలబడి చూశారు. ఏవిస్ చెయ్యి దానంతటదే తన చెవి దగ్గరకు వెళ్ళి, అక్కడ ఎవరూ లేకపోయేసరికి కిందికి దిగింది.

ఆడమ్ దీపం దగ్గరకు జరిగి కలం ముంచాడు. స్వాధీనం పూర్తయిందని రాశాడు.