పరవాలేదన్నవారి జాబితా

కొత్త నియమం వచ్చాక, రోడ్డు మీద దెబ్బ తిన్న మనిషి "పరవాలేదు" అన్న మరుక్షణం ఆ దెబ్బ కనిపించకుండా పోయేది. నొప్పి మాత్రం ఉన్నచోటే ఉండేది, ఎందుకంటే నియమంలో నొప్పి గురించి ఏమీ రాయలేదు. విరిగిన ఎముక ఎక్స్‌రేలో నిటారుగా కనిపించేది. తెగిపోయిన వేలు మళ్లీ చేతికి కనిపించేది, దానితో చొక్కా బొత్తం పెట్టుకోబోతే మాత్రం పని జరిగేది కాదు. మొదట్లో జనం కాస్త వింతగా చూశారు. రెండు నెలలకు అలవాటు పడ్డారు.

నియమం ఉద్దేశం మంచిదే. కార్ల బీమా ఏటా పెరిగిపోతోందని, దానికి కారణం దెబ్బలు తిన్నవాళ్లు వేసే కేసులేనని పెద్దలు తేల్చారు. దెబ్బలు తగ్గితే కేసులు తగ్గుతాయి, కేసులు తగ్గితే బీమా తగ్గుతుంది. దెబ్బలు తగ్గాలంటే రోడ్లు బాగుచేయాలి, అది చాలాకాలం పట్టే పని. కాబట్టి ముందుగా దెబ్బ తిన్నవాళ్లను పలకరించడంతో మొదలుపెట్టారు.

అందుకోసం ఊరూరా కుశల కార్యాలయాలు తెరిచారు. అనకాపల్లి కార్యాలయంలో నూకరత్నం కుశల సేవిక. ఉదయం రిజిస్టరు చంకన పెట్టుకుని బయలుదేరి, రోజుకు పద్నాలుగు ఇళ్లకు వెళ్లి, దెబ్బ తిన్న మనిషి ఎదురుగా కూర్చుని "ఎలా ఉన్నారండీ?" అని అడగడం ఆమె పని. మెడలో గుండ్రటి ఇత్తడి బిళ్ల ఉండేది. ఆ బిళ్ల వేసుకున్న మనిషి చెవిన పడితేనే మాట చెల్లుతుంది. పక్కింటివాళ్లతో అన్నా, గోడతో చెప్పుకున్నా చెల్లదు.

ఏయే మాటలు చెల్లుతాయో రిజిస్టరు అట్ట లోపలివైపు అచ్చువేసి ఉంది. "పర్లేదు", "ఫరవాలేదు" రెండూ చెల్లుతాయి. "బానే ఉన్నాను" ఏడో సర్క్యులర్ నుంచి చెల్లుతోంది. "ఏదో ఇలా ఉన్నాం" సంగతి పై కార్యాలయం ఇంకా తేల్చలేదు. ఏడుపును రాయడానికి అక్షరాలు లేవు కాబట్టి దాన్ని నమోదు చేయరు.

అందరూ తేలిగ్గా అనరు. వకీళ్లు ముందే హెచ్చరించిన ఇళ్లలో నోరు మెదపరు. అలాంటి ఇళ్ల కోసం శిక్షణలో ఒక పద్ధతి నేర్పారు. దాహమని మంచినీళ్లు అడగాలి. ఇచ్చిన గ్లాసు చేజారినట్టు ఒలకబోయాలి. "అయ్యయ్యో, తప్పయిపోయిందండీ" అనాలి. అంతే.

"గద్దిస్తే ఎవరూ అనరమ్మా," అని సూపర్‌వైజర్ విశ్వనాథం గారు ఆ రోజు చెప్పారు. "తప్పయిందని చెబితే మాత్రం పర్లేదనని మనిషి మన జిల్లాలో లేడు. మనవాళ్లు మర్యాదస్తులు."

అది నిజమే. నూకరత్నం ఆ పద్ధతిలో తొలి నెలలోనే పంతొమ్మిది దెబ్బలు మాయం చేసింది. నీళ్లు తుడవడానికి గుడ్డ కూడా తనే సంచిలో తీసుకెళ్లేది.

ఆమె తండ్రి గంగునాయుడు బెల్లం మార్కెట్లో కళాసీ. ముప్పై ఏళ్లు బెల్లం దిమ్మలు మోశాడు. ఎనిమిది నెలల కిందట విత్తనాల కొట్టు సత్తిబాబు కారు, బైపాస్ మలుపులో, ఆయన సైకిలును గుద్దింది. కుడి తొడ ఎముక రెండుగా విరిగింది. లోపల కడ్డీ వేస్తే నడుస్తాడని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ డబ్బు కేసు తేలితేనే వస్తుంది. కేసు గురువారం విచారణకు ఉంది. అప్పటిదాకా విరిగిన కాలు విరిగినట్టు కనబడుతూ ఉండాలి.

అందుకని ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ గంగునాయుడిని ఎలా ఉన్నావని అడగలేదు. తల్లి లేని ఇల్లు, ఉండేది ఇద్దరే. నూకరత్నం ఇరుగుపొరుగు వాళ్లకు కూడా చెప్పి ఉంచింది. వాళ్లు వచ్చి మంచం దగ్గర కూర్చుని వానల గురించి, బెల్లం ధర గురించి మాట్లాడి వెళ్లేవారు. కూర ఇంకొంచెం వేయనా అంటే "చాలు" అనాలని, పక్క దులపనా అంటే "వద్దు" అనాలని ఆమె తండ్రికి నేర్పింది. ఆపైన ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నం పెట్టడానికి వచ్చినప్పుడు బిళ్ల తీసి వీధి తలుపు మేకుకు తగిలించేది. వెళ్లేటప్పుడు మళ్లీ వేసుకునేది. ఎనిమిది నెలల్లో ఒక్కరోజు కూడా మరచిపోలేదు.

మంగళవారం నాడు ఒక ఇంట్లో మూడు గ్లాసులు ఒలకబోయాల్సి వచ్చింది. దారిలో చెప్పు తెగింది. ఆ తెగిన చెప్పుతోనే ఈడ్చుకుంటూ నడిస్తే మడమ తోలు లేచిపోయి రక్తం వచ్చింది. ఇల్లు చేరేసరికి మూడయింది. అన్నం గిన్నె పొద్దున పెట్టినచోటే, తండ్రి చేతికి మూరెడు దూరంలో ఉంది. ఆయన దానివైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆమె పరుగున లోపలికి వచ్చింది.

"ఆలీసమైపోనాది నాన్నా. ఆకలితో సంపేసినాను నిన్ను."

గంగునాయుడు నవ్వాడు. "పర్లేదమ్మా. నువ్వు తిన్నావేటి?"

దుప్పటి కింద కాలు మెల్లగా సర్దుకుంది. నూకరత్నం తన గుండెల మీదికి చూసుకుంది. బిళ్ల అక్కడే ఉంది.

దుప్పటి తీస్తే వాపు లేదు, నలుపు లేదు. పాతికేళ్ల కుర్రాడి కాలులా ఉంది. మోకాలి మీద చిన్నప్పుడు కొడవలి కోసిన మచ్చ మాత్రం అలాగే ఉంది, అది పొలంలో తగిలిన దెబ్బ కాబట్టి. గంగునాయుడు కాసేపు చూసుకుని, నిజమేనేమో అనుకుని, లేవబోయాడు. లేచినంతసేపు పట్టలేదు పడడానికి.

"నానేటన్నాను ఇప్పుడు?" అన్నాడు, కూతురు పట్టుకుని మంచం మీదికి ఎక్కించాక.

"అనేసినావు నాన్నా."

"నీకన్నాను గానీ, కాలుకన్నానేటి?"

ఆమె గిన్నె దగ్గరికి లాగి అన్నం కలిపింది. ఆయన తిన్నాడు. "ఇంకో ముద్ద?" అంటే "చాలు" అన్నాడు, నేర్పినట్టే.

మర్నాడు విశ్వనాథం గారి దగ్గరికి వెళ్లింది. ఆయన అంతా విన్నారు. కుర్చీ చూపించి కూర్చోబెట్టారు.

"అన్నం గురించి అన్నాడండీ," అంది నూకరత్నం. "ఆలస్యమైందంటే అన్నాడు."

"అన్నాడా లేదా?"

"అన్నాడండీ."

"నియమంలో మాట ఉంది గానీ, ఏ సందర్భంలో అనాలో లేదమ్మా. నీళ్లొలికినప్పుడు అన్నవాళ్లందరూ నీళ్ల గురించే కదా అన్నారు. మీ నాన్నగారిని ఒక్కరినీ వదిలేస్తే వాళ్లందరికీ ఏం చెబుతాం?"

విశ్వనాథం గారు రిజిస్టరు తీసుకుని, ఇంకా నింపని గడి పక్కన ఎడమచేత్తో సంతకం పెట్టారు. ఆయన కుడిచెయ్యి బల్ల మీద, ఏ మచ్చా లేకుండా, తెల్లగా, ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువులా పడి ఉంది. రెండేళ్లుగా ఆ చెయ్యి అలాగే ఉంటుందని, ఏదైనా కావాలంటే ఆయన దాన్ని ఎడమచేత్తో ఎత్తి పక్కన పెడతారని నూకరత్నం అప్పుడే గమనించింది.

"మీకు..." అని ఆగిపోయింది. మెడలో బిళ్ల ఉంది కదా.

"ఇక నన్ను అడిగినా ఇబ్బంది లేదులే అమ్మా," అన్నారాయన. "నాది అయిపోయింది."

రాసినా రాయకపోయినా కాలు మారదు. రాయకపోతే ఉద్యోగం పోతుంది. ఆమె రాసింది. శరగడం గంగునాయుడు, కుడి తొడ, పరవాలేదు. గురువారం కేసు పిలిచారు, కాలు చూశారు, కొట్టేశారు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురులో ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. "విరగని ఎముకకి కడ్డీ ఎక్కడ వెయ్యనమ్మా?" అన్నాడు. ఆ గొంతులో విసుగు లేదు, చిన్నబోయినట్టు ఉంది.

ఆదివారం సత్తిబాబు బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. జేబులోంచి బీమా నోటీసు తీసి చూపించాడు.

"నాకూ తగ్గలేదు గంగన్నా."

"అదేటి బాబూ? నా కాలు నెక్కలో కలవలేదేటి?"

"కలిసిందంట. ఎల్లి అడిగాను. పెరగాల్సినంత పెరగలేదు, అదే తగ్గడం అన్నారు. పైగా ఈ అమ్మాయిల జీతాలూ, బిళ్లలూ, ఆ ఖర్చుంది కదా, అదీ ఇందులోనే ఏశారంట."

"పోన్లే. మా అమ్మాయి జీతం నువ్విస్తన్నావన్నమాట," అని గంగునాయుడు నవ్వాడు. సత్తిబాబు కూడా నవ్వబోయి మానేశాడు. ఇద్దరూ ఆ అందమైన కాలిని కాసేపు చూశారు. వెళ్లేటప్పుడు సత్తిబాబు, ఇక అడగొచ్చు కదా అన్నట్టు నూకరత్నం వైపు చూసి, "మరి ఎలాగుంది గంగన్నా?" అన్నాడు.

ఎనిమిది నెలల్లో ఆయన్ని ఆ మాట అడిగిన మొదటి మనిషి సత్తిబాబే. గంగునాయుడు నోరు తెరిచాడు. ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నట్టు ఇంటి కప్పు వైపు చూశాడు. సత్తిబాబు గుమ్మంలో నిలబడి, చెప్పులోకి కాలు పెట్టుకుంటూ ఉన్నాడు. పాపం, వెళ్లాల్సిన మనిషి.

"పర్లేదు బాబూ," అన్నాడు గంగునాయుడు.

సోమవారం నూకరత్నం జాబితాలో మొదటి ఇల్లు గవరపాలెంలో బంగారమ్మది. డెబ్బయి దాటిన మనిషి, ఆటో బోల్తాపడి ఎడమచెయ్యి విరిగింది. కొడుకూ కోడలూ పనికి వెళ్లారు. బిళ్ల పిల్ల వస్తే నోరెత్తొద్దని చెప్పే వెళ్లారు. ముసలామె గడపలో కూర్చుని, కుంటుతూ వస్తున్న నూకరత్నాన్ని వీధి చివర నుంచీ చూస్తూనే ఉంది.

"కాలికేటైందమ్మా?"

"పర్లేదు మామ్మా," అంది నూకరత్నం.

బిళ్ల తన మెడలోనే ఉంది. మడమ మీద తోలు లేచిన పుండు, చూస్తుండగానే నున్నగా అయిపోయింది. ఆమె గడప మీద కూర్చుని, రిజిస్టరు తెరిచి, మొదటి గడిలో తన పేరు రాసుకుంది. మడమ మంట పుడుతూనే ఉంది. తర్వాత అలవాటు కొద్దీ దాహమని మంచినీళ్లు అడిగింది.

బంగారమ్మ కుడిచేత్తో గ్లాసు తెచ్చి ఇచ్చింది. నూకరత్నం దాన్ని ఒలకబోయలేదు. తాగేసింది.

"నన్నడగవేటి?" అంది ముసలామె.

"ఏటి మామ్మా?"

"ఆరు నెల్లైపోనాది. కొడుకడగడు, కోడలడగదు, ఈదిలో ఎవరూ అడగరు. పొద్దున్నుంచి నీకోసమే కూకున్నాను తల్లీ. నువ్వైనా అడుగు."

విరిగిన చెయ్యి ఆమె ఒళ్లో, పాత చీర పీలికతో కట్టి ఉంది. నూకరత్నం ఖాళీ గ్లాసు పక్కన పెట్టింది. కలం చేతిలోకి తీసుకుంది. మొహం ఎత్తి, ముసలామె కళ్లలోకి చూస్తూ, సొంత మనవరాలు అడిగినంత మెల్లగా అడిగింది.

"ఎలా ఉన్నావు మామ్మా?"