కెరోలిన్ టీపాయిని జయించుట

ఓ బొగ్గుదుమ్మా! ఆఫీసరు బంగళా అనక, కార్మికుని క్వార్టరనక, ఆరవేసిన తెల్లచొక్కా అనక, మూతపెట్టిన పెరుగుగిన్నె అనక, సమస్త చరాచరములపై సమదృష్టితో వ్రాలు సర్వవ్యాపినీ! తొలి నమస్కారము నీకే. నీవు లేనిచో ఈ యుద్ధము లేదు, ఈ వీరులు లేరు, వీరి మూర్ఖత్వమును కీర్తించు భాగ్యము మాకును లేదు.

గోదావరీ దక్షిణతీరమున, రామగుండపు పొగగొట్టములు మేఘములకే మేఘత్వము నేర్పు దేశమున, గోదావరిఖని అను బొగ్గుపట్టణమున, తెలంగాణము ఇంకను ర్యాలీలలోను గోడరాతలలోను మాత్రమే వెలసియున్న రెండువేల పదవ సంవత్సరమున, బాయి యనబడు బొగ్గుగనిలోనికి దిగు మగవారందరును ఇంటిపట్టున నుండి ఆడవారికి అడ్డుతగులు ఆదివారము, కంపెనీ భాషలో ప్లేడే, అట్టి ప్లేడే నాడు, ఒక క్వార్టరు ముందుగదిలో మహాసంగ్రామము జరిగెను.

యుద్ధహేతువు ఒక ఆటరైలు. కథానాయిక కెరోలిన్, రసాయనశాస్త్రపట్టభద్ర, పెండ్లినాటి గోరింటాకు ఇంకను గోళ్ల కొసలయందు మిగిలియున్న నవవధువు, గోదావరికి ఆవలనున్న మంచిర్యాల పుట్టింటినుండి, పెట్టెలో పట్టుచీరలను అణగద్రొక్కి, ఆ రైలును మోసికొనివచ్చిన సాహసిని. అరచేతిలో ఇమిడెడి ఇంజను, దాని వెనుక బుల్లిపెట్టెలు, గుండ్రముగ అమరు సన్నని పట్టాలు. వీనిని ఆమె అత్తగారి టేకు టీపాయిపై, అత్తగారు స్వహస్తముల నల్లిన లేసుగుడ్డను తొలగించి మరీ ప్రతిష్ఠించెను. దండయాత్ర యనిన అట్లుండవలెను!

అత్తగారు సత్యవతి, చర్చి స్త్రీల సమాజపు కార్యదర్శిని, ముందుగదికి ఏకచ్ఛత్రాధిపత్ని, తలుపునొద్ద నిలిచి గర్జించెను:

“ఏందే పిల్లా గిది? మాపు సమాజపోళ్లు ప్రార్థనకు వస్తరు. చాయ్ కప్పులు నా నెత్తిమీద పెట్టాల్నా?”

“రైలు నడిస్తె మస్తుంటది అత్తమ్మా!”

“ఏడ నడుస్తాంది? పొద్దటిసంది సూస్తున్న, ముక్కుతాంది, మూల్గుతాంది. ఆళ్లు వచ్చేటాలకు నడిచిందా, టీపాయి దానిదే. నడువకుంటె అటక మీదికి పోతది. మల్ల దించుడు లేదు.”

అటక! చిల్లుబకెట్లకును విరిగిన ఫ్యానురెక్కలకును శాశ్వతనివాసమైన ఆ చీకటిలోకము పేరు వినగానే కెరోలిన్ రైలుకు అడ్డముగ చేతులు చాచెను. ఏలయన ఆ ఇంట మంచము అత్తగారిది, బీరువా అత్తగారిది, గోడగడియారము అత్తగారి పుట్టింటిది. కంటికి కనబడు చోట ఇది నాదని చెప్పుకొన దగినది ఆమెకు ఆ రైలొక్కటే. అది అటక యెక్కినచో తానును సగము ఎక్కినట్లే.

అంతట ప్రవేశించెను ప్రథమవీరుడు, పొరుగు క్వార్టరు నర్సింగం. బ్రతుకంతయు బాయిలో హాలేజీ యంత్రమునొద్ద నిలిచి ఇనుపతాడుతో బొగ్గుటబ్బులను గుంజిన రజ్జుసారథి, సలహా యడుగనివారిని వెదకికొని పోయి మరీ చెప్పు దానశీలి, గ్రీజుడబ్బాపాణి.

“జరుగు బిడ్డా! హాలేజీల నా తలకాయ తెల్లవడ్డది. టబ్బు మొరాయించిందంటే దానికి గ్రీజు లేదన్నట్టు, గంతే! గీ పిల్లబండి నాకో లెక్కనా?”

అని పలికి ఆ మహానుభావుడు పట్టాలకు ఈ కొస నుండి ఆ కొస వరకు, చక్రములకు చుట్టును, బొటనవ్రేలితో గ్రీజు దట్టించెను. అంతదనుక మూల్గుచుండిన రైలు ఆ చికిత్సతో మూల్గుట కూడ మానెను.

“సూసినవా? చప్పుడు బందైంది!” అని వైద్యుడు మీసము దువ్వుకొనెను.

అప్పుడు లేచెను ద్వితీయవీరుడు, కెరోలిన్ ప్రాణనాథుడు ఆమోసు. బాయిలో ఎలక్ట్రీషియను, స్క్రూడ్రైవరును ఖడ్గముగను టెస్టరును శూలముగను ధరించిన వాడు, భార్య చూచుచున్నదని యెరిగి చొక్కాచేతులు అవసరమునకు మించి మడిచిన వాడు.

“ఫికర్ చెయ్యకు కెరోలినూ. పంపులకు ఏనుగసొంటి మోటర్లుంటయి, అవ్విటినే విప్పిన. గిదెంత?”

విప్పెను. ప్లగ్గు చూచెను, అడాప్టరు చూచెను, ఇంజను కడుపు కోసి చూచెను. పట్టాలకు తగిలించియున్న తీగలను ఊడబెరికి నేరుగా ఇంజనుకు తాకింపగా చక్రములు జుయ్యిమని తిరిగెను. తీగలను యథాస్థానమున తగిలించి ఇంజనును పట్టాపై నిలుపగా శవము. మరల తాకించెను, జుయ్యి. మరల నిలిపెను, శవము. ఆ ప్రాజ్ఞుడు ఈ ప్రయోగమును విసుగులేక పలుమారు చేసి, ప్రతిసారియు అదే ఫలము కలుగుట చూచి ప్రతిసారియు క్రొత్తగా ఆశ్చర్యపడెను.

“చేతుల ఉరుకుతది, పట్టా మీద సస్తది. ఇంజనే ఖరాబు.”

“చేతుల ఉరికితె ఇంజను ఎట్ల ఖరాబైతదండి?”

“మరి పట్టాల ఏముంటది? ఉత్త ఇనుము!”

వారి బాయిలో పట్టా యనగా టబ్బు దొర్లు దారి, గుంజునది తాడు. పాతాళమున నేర్చిన ఆ విద్యను టీపాయిపైకి మోసికొనివచ్చిన ఇరువురు పండితులును, రైలునందు పట్టా తప్ప తక్కిన సమస్తమును పరీక్షించిరి.

“నేనొక ముచ్చట చెప్త,” అనెను నర్సింగం గొంతు తగ్గించి. “దారం కడుదాం. ఆ కొసకు కూసోని సల్లగ గుంజుత, మన హాలేజీ లెక్కనే. ఎవ్వలికి ఎరుక?”

వంటగదినుండి సత్యవతి అట్టహాసము వినబడెను. “కట్టుండ్రి, కట్టుండ్రి! మెడల గంట గూడ కట్టుండ్రి!”

కెరోలిన్ కన్నులెఱ్ఱజేసి, కొంగు బిగించి, సింహివలె నిలిచి పలికెను:

“దారం కట్టి గుంజితె అది రైలెట్లయితది కాకా? మేకయితది! నా రైలు దానంతటది నడుస్తది. లేకుంటె నేనే నా చేతులతోని అటక మీద పెడ్త. దారం మాత్రం ముట్టనియ్య!”

పలికిన పిదప ఆ తీగలవైపు చూచి ఆమె నిలువున ఆగిపోయెను.

“ఏమండి, మీరు ఇంజనుకు తాకించిన తీగలు ఏడికెల్లి పీకిండ్రు?”

“పట్టాలకెల్లి. నువ్వే తగిలిస్తివి గద? ఎర్తింగేమో అనుకున్న.”

“ఎర్తింగు కాదు! కరెంటు వచ్చే తొవ్వే అది! పట్టాలకెల్లి చక్రాలకు, చక్రాలకెల్లి మోటరుకు!”

ఆహా పట్టభద్రా! పుట్టింట నాయన పట్టాలు తుడిచి సిద్ధము చేయగా తాను అడాప్టరు గుండీ మాత్రము త్రిప్పి డ్రైవరునని మురిసిన బాల, తీగలు పట్టాలకే యేల తగిలింతురని తన్ను తాను అడుగుట ఈ దినమునకు నేర్చెను! పట్టాపై వ్రేలు రాచి చూడగా నల్లని జిగట. క్రింద నీవు, ఓ బొగ్గుదుమ్మా, పైన నర్సింగము గ్రీజు. కరెంటు పాపము ఏ సందున దూరును?

కెరోలిన్ తన అలంకారపేటికనుండి దివ్యాస్త్రమును వెలికిదీసెను. అది గోళ్లరంగు తుడుచు మందు. దూదికొసను తడిపి, ప్లాస్టిక్కునకు తగిలిన కరుగునని చదువుకొన్నది గనుక ఊపిరి బిగబట్టి, లోహపు అంచునే ఒత్తి తుడువసాగెను. దూది నల్లబడెను, మరొక దూది, అదియు నల్లబడెను. ఆమోసు ఇంజనును వెల్లకిల పట్టుకొనగా చక్రములను తుడిచెను. ఇరువురి నొసళ్లు ఠక్కున తగిలెను.

“దెబ్బ తాకిందా?” అనెను ఆమోసు.

“మల్లొకసారి తాకితె ఏమైతది!” అనెను కెరోలిన్, మెల్లగా.

నర్సింగం దగ్గి కిటికీ వైపు చూచెను. గేటు కిఱ్ఱుమనెను. స్త్రీల సమాజము బైబిళ్లతో, కొంగులతో, చెప్పులు విడుచు చప్పుడుతో ముందుగదిని ముంచెత్తెను. సత్యవతి చాయ్ పళ్లెరముతో వచ్చి, టీపాయిని చూచి, అటకను చూచి, కోడలిని చూచెను.

కెరోలిన్ గుండీ త్రిప్పెను.

ఇంజను వణికెను. ఒక్క వ్రేలెడు కదలెను. ఆగెనా? ఆగలేదు. మలుపున ఒకింత తటపటాయించి, పెట్టెలనీడ్చుకొని, చిరుగాజుల చప్పుడు చేయుచు చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చి, నిలువక మరల సాగెను.

“అబ్బ, ఎంత ముద్దుగున్నది! ఎవరిది సత్యవతమ్మా?” అనెను పాస్టరమ్మ.

కెరోలిన్ చేయి గుండీపై బిగిసెను. సత్యవతి పెదవి బిగించి ఒక చుట్టు పూర్తిగా చూచెను.

“ఎవరిదేంది, మా ఇంటిదే. మా కోడలు నడుపుతది,” అని, కప్పు దించబోవుచున్న సమాజసభ్యురాలు సారక్కపై విరుచుకుపడెను. “ఏయ్ సారక్కా, కప్పు లేపు! బండి వస్తాంది, కండ్లు కనవడ్తలెవ్వా?”

లోకులారా, వినుడు! ఇట్లు కంపెనీ క్వార్టరునందలి ఒకానొక టేకు టీపాయి నవవధువు పరమయ్యెను. స్త్రీల సమాజమంతయు కాలెడి కప్పులను దించు చోటు లేక, కొంగులతో పట్టుకొని ఉఫ్ఫుఉఫ్ఫుమని ఊదుకొనుచు, సామ్రాజ్యము చేతులు మారుటను కన్నులార చూచెను. జయము! జయము! చాయ్ త్రాగువారికి మాత్రము జాగ్రత్త!