రంగు పోని బ్యాటరీ

భవాని పేట్‌లోని మా నేతగాళ్ళ గల్లీ పెద్దలు ప్రజాహితం కోరి చేసిన ఒక ఏర్పాటు గురించి అందరికీ తెలియజేయడం నా బాధ్యత. యమునాబాయి కొడుకు అమోల్ పీల్చే ఆవిరి గొట్టానికి భద్రమైన బ్యాటరీని ఎంపిక చేయడానికి వాళ్ళు ఒక కమిటీ వేశారు. గల్లీలో మురికినీళ్ళ పైపు పగిలి ఏడాది దాటినా దానికి కమిటీ పడలేదు. అయినా ఆ పైపు ఎవరి మూతి దగ్గరా లేదు కదా.

అమోల్ కుంఠా నాకాలో మరమగ్గాల మీద టవళ్ళు నేసే కుర్రవాడు, బుద్ధిమంతుడు. నీలం నగర్ ఆరతితో పెళ్ళి కుదిరినప్పుడు ఆమె తండ్రి ఒకే ఒక్క షరతు పెట్టాడు. అల్లుడు బీడీ తాగకూడదు. ఆ మాట విని, అరుగుల మీద బీడీలు చుడుతున్న మేమంతా చాటలు పక్కన పెట్టి మెచ్చుకున్నాం. అమోల్ ఆ రోజే బీడీ మానేశాడు. మరునాడు ఆవిరి గొట్టం, అదే ఈ-సిగరెట్, కొన్నాడు. ఈ సరుకు మన దేశంలో అమ్మకూడదని చట్టం ఉంది. చట్టం మీద ఉన్న గౌరవంతోనే దుకాణం వాడు దాన్ని నల్ల కవర్లో చుట్టి ఇచ్చాడు.

అది స్విచ్చులూ దీపాలూ ఉన్న రకం కాదు. 'మెకానికల్' రకం. ఇత్తడి గొట్టంలో బ్యాటరీ వేయాలి, అడుగున మీట నొక్కాలి, కరెంటు నేరుగా పైకి పోయి ఆవిరి పుట్టిస్తుంది. మధ్యలో ఆపేది, అడిగేది ఏదీ ఉండదు. మా గల్లీలో మగపిల్లలు పెరిగే పద్ధతీ ఇదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

చిక్కు పెళ్ళిబట్టలు కొనే రోజున వచ్చింది. అమోల్ జేబులో విడిగా వేసుకున్న బ్యాటరీకి ఇంటి తాళంచెవులు తగిలి, అది వేడెక్కి, ప్యాంటు కాలింది. చీరల దుకాణం మధ్యలో అతను ఎగిరిన ఎగురుడు చూసి ఆరతి మేనత్త, "పిలగాడు మస్తు హుషారున్నడు" అని మెచ్చుకుంది. యమునాబాయికి మాత్రం గుండె జారింది. ఇవాళ తొడ కాలింది, రేపు మూతి కాలితే? ఆమె ఏడుస్తూ గల్లీ పెద్ద దత్తాత్రి ఇంటికి పరుగెత్తింది.

"అన్నా, పెండ్లి దాక నా కొడుకు మూతి మంచిగుండాలె. అటెన్క దేవుని దయ."

ఆ గొట్టం పారేస్తే పోతుంది కదా అని ఎవరూ అనలేదు. పెళ్ళి కావలసిన మగపిల్లవాడి చేతిలోది పారేయమనేంత మొరటువాళ్ళు మా గల్లీలో లేరు.

దత్తాత్రి వచ్చే ఎన్నికల్లో కార్పొరేటర్ కాదలచుకున్న మనిషి. వెంటనే సభ పెట్టాడు. "బంధువులారా! చలికి వణుకుతున్న ఈ దేశానికి దుప్పటి కప్పింది ఎవరు? మనం! తడిసిన దేశానికి టవల్ అందించింది ఎవరు? మనం! అట్లాంటి మనం ఒక్క బ్యాటరీని ఎంచుకోలేమా? అమోల్ మూతి ఒక్క అమోల్‌ది కాదు. అది మనందరి మూతి!" చప్పట్లు మోగాయి. తెల్లారేసరికి గల్లీలో దత్తాత్రి నిలువెత్తు ఫ్లెక్సీ వెలిసింది. కింద 'సురక్షిత బ్యాటరీ అభియాన్' అని రాసి ఉంది. బ్యాటరీ బొమ్మకు చోటు చాలలేదు.

పరీక్షల భారం నరసయ్య తాత మీద పెట్టారు. పోగు వేళ్ళ మధ్య నలిపి నూలు నంబరు చెప్పగల మనిషి. దుకాణం వాడు సంచినిండా బ్యాటరీలు పంపాడు. అందులో కొత్తవి ఉన్నాయి, పాత ల్యాప్‌టాపుల్లోంచి పీకి కొత్త తొడుగు తొడిగినవీ ఉన్నాయి.

తాత మొదట నంబర్లు చూశాడు. నూలుకు నంబరు ఎంత పెద్దదైతే పోగు అంత సన్నం, సరుకు అంత మేలు. ఇది మాకు పుట్టుకతో వచ్చిన తెలివి. కాబట్టి '9900' అని ఉన్నదాన్ని కళ్ళకు అద్దుకుని, "ఇది పట్టు లెక్కుంది" అన్నాడు. ఎంత కరెంటు తట్టుకోగలవో ఉన్నదున్నట్టు రాసుకున్న చిన్న నంబర్ల బ్యాటరీలను మోటు నూలు కింద లెక్కగట్టి పక్కకు తోశారు.

తర్వాత, టవళ్ళకు చేసే రంగు పరీక్ష. బ్యాటరీని సోడానీళ్ళలో నానబెట్టి, తెల్లగుడ్డ మీద పెట్టి గట్టిగా రుద్దారు. చుక్క రంగు దిగలేదు. గల్లీ అంతా ఊపిరి పీల్చుకుంది. రుద్దుడికి తొడుగు ఒకచోట చిరిగింది నిజమే. అంత పక్కా రంగుకు ఆ మాత్రం చిరుగు దిష్టిచుక్కలా ఉందన్నారు. ఎందుకైనా మంచిదని బ్యాటరీకి తొడగడానికి మగ్గం మీద ఒక చిన్న గుడ్డ గలీబు నేయించారు. దాని మీద నెమలి, నెమలి కింద 'అమోల్ - ఆరతి'. గలీబుతో బ్యాటరీ గొట్టంలో పట్టకపోతే నెమలిని సగానికి కత్తిరించారు.

ప్రారంభోత్సవానికి ఆడపిల్ల వాళ్ళను కూడా పిలిచారు. బ్యాటరీకి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆరతి కరెంటు స్కూటర్ల షోరూములో పని చేస్తుంది. బ్యాటరీని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"తాతా, దీని తొడుగు చినిగింది. లోపల ఇనుము, బయట ఇత్తడి. రెండు తాకితే కాల్తది. ఈ గొట్టంల ఆపేటిది గూడ ఏం లేదు. ఇది అంత కరెంటు ఇయ్యగలుగుతదా లేదా ఎవరన్న చూసిండ్రా?"

"రంగు చూసినం బిడ్డా. చుక్క దిగలే."

"రంగును పీలుస్తడా?" అని, అమోల్ వైపు తిరిగింది. "అసలు అది పీల్వకుంటే నీకేమైతది?"

అమోల్ నిజంగానే ఆలోచించాడు. పుట్టాక అతన్ని ఎవరూ ఇలాంటి ప్రశ్న అడగలేదు. "ఏం గాదు," అన్నాడు, తానే ఆశ్చర్యపోతూ.

"ముహూర్తం దాటుతుంది కొడుకా, నొక్కు," అన్నాడు దత్తాత్రి.

పెద్దల మాట. అమోల్ గొట్టం మూతికి పెట్టుకుని నొక్కాడు. బుస్సుమని చప్పుడు వచ్చింది. ఆరతి అతని చేతి మీద ఒక్కటి కొట్టింది. గొట్టం ఎగిరి, నిప్పులు కక్కుతూ పోయి ఫ్లెక్సీలో దిగింది. ఫ్లెక్సీ మీది దత్తాత్రికి నుదురు మిగిలింది, బొట్టు మిగిలింది, నోరున్నచోట బొక్క పడింది. అమోల్‌కు సగం మీసం మాడింది. మూతి భద్రం.

"నా కొడుకు మూతి నిలబెట్టినవ్ తల్లీ!" అని యమునాబాయి కోడలు కాబోయే పిల్లను కావలించుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రమే విచారణ జరిగింది. తెల్లగుడ్డ ఇంకా తెల్లగానే ఉంది కాబట్టి బ్యాటరీ తప్పేమీ లేదని తేలింది. మరి ప్రమాదం ఎక్కడిది? "పెండ్లి గాకముందే పిలగాని మీద చెయ్యి లేపింది," అన్నాడు నరసయ్య తాత. "అంతకుముందే నోరు లేపింది," అన్నాడు దత్తాత్రి. ఇలాంటి పిల్లను ఇంట్లోకి తెచ్చుకోవడం భద్రం కాదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. యమునాబాయి వద్దు వద్దు అన్నది. ఏకగ్రీవంలో ఆడవాళ్ళ మాట లెక్కలోకి రాదని ఆమెకు సర్దిచెప్పారు. అమోల్ మిగిలిన సగం మీసం దువ్వుకున్నాడు. కబురు అందిన ఆరతి "మంచిగైంది" అని స్కూటరెక్కి డ్యూటీకి పోయిందట.

ఇప్పుడు అమోల్‌కు వేరే సంబంధాలు చూస్తున్నారు. పిల్ల చదువుకుని ఉండాలి, చదివింది గుర్తుండకూడదు. ఏమిటి, ఎందుకు అనే అలవాటు ఇంటా వంటా ఉండకూడదు. అబ్బాయికి ఏ దురలవాటూ లేదని కమిటీ హామీ ఇస్తోంది. ఇలాంటి ఇంటికి పిల్లనెవరిస్తారని నేను దిగులుపడ్డాను.

అనవసరంగా పడ్డాను. యమునాబాయి గడప ముందు చెప్పులు విడవడానికి చోటు లేదు. నిన్న అక్కడ మిమ్మల్ని కూడా చూశాను. చేతిలో మీ అమ్మాయి ఫోటో ఉంది. జరిగిందంతా కమిటీ వాళ్ళు మీకు పూసగుచ్చినట్టు చెప్పారు, మీరూ తల ఊపుతూ విన్నారు. చివరికి ఒక్కటే అడిగారు. ముహూర్తానికి ఆ మీసం మొలుస్తుందా అని.