అరువు రక్తం

ఆ ఉదయం సూదమ్మ వేసుకున్న పథకంలో ఒక్కటే అంశం. పెద్ద డాక్టరు గారి తల్లికి ఒక్క పోటుతో రక్తం తీయాలి. తీస్తే పార్ట్‌టైము ఉద్యోగం పర్మనెంటు అవుతుందని డాక్టరే నోరు జారాడు.

సూదమ్మ అన్నది ఆరోగ్య కేంద్రానికి రక్తపరీక్షల కోసం వచ్చేవాళ్ళు పెట్టిన పేరు. పొద్దున అక్కడ పని, మధ్యాహ్నం ఇంకో ల్యాబు తరఫున ఇల్లిల్లూ తిరిగి రక్తం తీయడం. కేంద్రంలో పార్ట్‌టైము వాళ్ళకు కుర్చీ ఇవ్వరు, గుండ్రటి ఇనప స్టూలు ఇస్తారు. మందుల గదిలో వెన్ను ఆనించుకునే కుర్చీ ఒకటి ఖాళీగా పడి ఉంది. పర్మనెంటు వాళ్ళకే అది. చాలాకాలంగా సూదమ్మ కన్ను దాని మీదే ఉంది.

"ఇవాళైనా తేలుతుందా?" అన్నాడు భర్త, ఆమె పెట్టిన టిఫిను తింటూ.

"తేలుతుంది."

"నువ్వు తినవా?"

"నేను తింటూ కూర్చుంటే బస్సు ఆగుతుందా?" అంటూ ఆమె ఎప్పటిలాగే ఖాళీ కడుపుతో పరుగెత్తింది.

పెద్దావిడ చేతికర్ర టకటకలాడించుకుంటూ కేంద్రానికి వచ్చింది. వెనక సంచీ మోస్తూ కోడలు.

"ఒళ్ళంతా నీరసం, కళ్ళు తిరుగుతాయి. మా వాడితో చెప్తే 'నీకేం లేదమ్మా' అంటాడు. డాక్టరు తల్లికి జబ్బు చెయ్యకూడదట!"

"రాత్రి కూడా మారు వడ్డించుకున్నారు," అంది కోడలు గోడకేసి చూస్తూ.

"విన్నావా? నా ముద్దలు లెక్కపెడుతుంది." పెద్దావిడ చెయ్యి చాపింది. "ఇదిగో అమ్మాయ్, ఒక్క పోటే. రెండోది పడిందా, నీకు ఆ స్టూలు కూడా ఉండదు."

సూదమ్మ రబ్బరు పట్టీ బిగించి, వేలితో నరం తడిమి, గుచ్చింది. రక్తం బుద్ధిగా గాజు గొట్టంలోకి దిగింది. "అప్పుడే అయిపోయిందా?" అని పెద్దావిడ కాస్త నిరాశగా లేచి వెళ్ళింది.

సూదమ్మ గొట్టం మీద పెద్దావిడ పేరున్న చీటీ అంటించబోతుండగా ఆయా బకెట్టుతో వచ్చి తలుపును కాలితో తన్నింది. తలుపు వెళ్ళి సూదమ్మ మోచేతికి తగిలింది. గొట్టం నేల మీద పడి భళ్ళుమంది.

"అయ్యయ్యో, ఎవరి రక్తమమ్మా?"

"నా కుర్చీది," అంది సూదమ్మ.

ఆయా తుడిచి వెళ్ళిపోయింది. పెద్దావిడను మళ్ళీ పిలిచి రెండో పోటు పొడిచే ధైర్యం సూదమ్మకు లేదు. కాసేపు స్టూలు వంక చూసింది. తర్వాత పట్టీ తన చేతికి చుట్టుకుని, ఒక కొస పళ్ళతో పట్టి లాగి, తన రక్తమే తీసి గొట్టం నింపింది. అది కూడా ఒక్క పోటుతోనే. పరగడుపున తీయాలన్న నియమానికీ లోటు రాలేదు. 'ఆవిడకీ ఏ జబ్బూ లేదు, నాకూ లేదు. ఎవరిదైతేనేం?' అనుకుంది.

మర్నాడు రిపోర్టు చూసి డాక్టరు మొహం పాలిపోయింది. రక్తం ఉండాల్సిన దాంట్లో సగమే ఉంది.

"మా అమ్మ ఇన్నాళ్ళూ నిజమే చెప్తోంది!" అని తల పట్టుకున్నాడు.

సాయంత్రానికల్లా ఆ ఇంట్లో కోడలు ముద్దాయి అయింది. ఆడపడుచులు ఫోన్ల మీద ఫోన్లు. "ఏం వదినా, మా అమ్మకి కడుపునిండా పెట్టడం లేదా?" కోడలు కళ్ళు తుడుచుకుంటూ దానిమ్మ రసం తీసింది. ఖర్జూరాలొచ్చాయి, తేనె సీసాలొచ్చాయి. పెద్దాసుపత్రిలో రక్తం ఎక్కిస్తారన్న వార్త కూడా వచ్చింది.

అక్కర్లేని రక్తం ఎక్కిస్తే ఎంత ప్రమాదమో సూదమ్మకు తెలుసు. కుర్చీ పోతే పోయిందని, నిజం చెప్పేయడానికి డాక్టరు ఇంటికి పరుగెత్తింది. హాల్లో డాక్టరు ఫోన్లో ఉన్నాడు. గదిలోంచి పెద్దావిడ పిలిచింది.

"ఇలా రా అమ్మాయ్. తలుపెయ్యి."

"అమ్మగారూ, ఆ రక్తం మీది కాదు..."

"తెలుసు. కర్ర మర్చిపోయి వెనక్కొచ్చా. పట్టీ పళ్ళతో లాగుతున్నావు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఎందుకు చెప్తాను? ఇన్నేళ్ళుగా నీరసమో అని మొత్తుకుంటే నమ్మినవాడు లేడు. నీ రక్తం ఒక్క రోజులో నమ్మించింది. ఎక్కించుకోవడం నాకు భయమని మావాడికి నేను చెప్తాలే. నువ్వు వారం వారం పొద్దున్నే వచ్చి, నాది తీసినట్టు తీసి, నీది పంపు. నీకు కుర్చీ, నాకు రసం."

"మరి నేనేమైపోవాలి?"

"ఆకుకూరలు తిను."

అలా సూదమ్మ వారం వారం పెద్దావిడ రక్తం పారబోసి, తన రక్తం పంపింది. పెద్దావిడ బుగ్గలు నిండాయి. సూదమ్మకు బస్సులో కళ్ళు తిరిగేవి. "ఎంత తాగించినా అమ్మకి రక్తం పడిపోతూనే ఉంది," అని డాక్టరు మాత్రలు పెంచాడు, రసం రెట్టింపు చేయించాడు.

"కనీసం ఆ మాత్రలైనా నాకివ్వండమ్మా," అని అడిగింది సూదమ్మ.

"ఎలా ఇవ్వను? కోడలు లెక్కపెడుతుంది."

చివరికి డాక్టరు సూదమ్మను పిలిచాడు. "మా అమ్మ జబ్బు నీ వల్లే బయటపడింది. నీ పేరు పర్మనెంటుకి రాశాను. ఫిట్‌నెస్ పరీక్ష ఒక్కటే మిగిలింది. నీ రక్తం నువ్వే తీసి పంపించు."

తన రక్తంలో ఏం మిగిలిందో సూదమ్మకు తెలుసు. ఆ వారం పెద్దావిడ రక్తాన్ని పారబోయలేదు. దాని మీద తన పేరు అంటించింది. ఇన్నాళ్ళ అరువు చెల్లుకు చెల్లు అనుకుంది. తిరిగొస్తూ మందుల గదిలో కుర్చీకి పట్టిన దుమ్ము కూడా తుడిచింది.

రిపోర్టు వచ్చింది. డాక్టరు కళ్ళజోడు తీశాడు.

"రక్తం బ్రహ్మాండంగా ఉందమ్మా. కానీ ఈ సుగరేంటి? ఇంత సుగర్‌తో ఎలా తిరుగుతున్నావు? పర్మనెంటు ఇవ్వడానికి రూలు ఒప్పుకోదు. పార్ట్‌టైము చేసుకో. దానికి ఫిట్‌నెస్ అక్కర్లేదు."

బయటికొస్తే, మందుల గదిలో శుభ్రంగా తుడిచిన కుర్చీలో ఆయా కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

సూదమ్మ తిన్నగా పెద్దావిడ దగ్గరికి వెళ్ళింది. "అమ్మగారూ, ఆ రసం ఆపండి. మీకు సుగర్ ఉంది. ప్రాణం మీదికొస్తుంది."

పెద్దావిడ గ్లాసు దించలేదు. "రిపోర్టు ఎవరి పేరు మీదుంది?"

"నా పేరు మీద. కానీ రక్తం..."

"పేరు నీదైతే పథ్యం నువ్వు చెయ్యి."

"డాక్టరు గారికి అంతా చెప్పేస్తాను."

"చెప్పు. ముందు కేంద్రంలో ఆ స్టూలు కూడా వదులుకుని చెప్పు," అని పెద్దావిడ ఆ వారం పరీక్షకు చెయ్యి చాపింది.

సూదమ్మ నోరు తెరిచేలోగా కోడలు టీ తెచ్చింది. డాక్టరు గారి ఆదేశం ప్రకారం సూదమ్మ కప్పులో మాత్రం చక్కెర లేదు.