విజిల్‌కి ముందు ఆమేన్

దైవాధీనం కాఫీ యంత్రం కనిపెట్టడానికి కారణం భార్య ప్రార్థన.

గుడివాడలో వాళ్లింట్లో ప్రార్థన అయ్యేదాకా కాఫీ లేదు. ఐదున్నరకి రత్నకుమారి కళ్లు మూసుకుంటే, బందరులో చెల్లెలి మోకాళ్లు, ముదినేపల్లిలో తన బడిపిల్లల పరీక్షలు, ఎదురింటి బెన్నీ రొయ్యల చెరువు దాటి భర్త దగ్గరికి వచ్చేది. ఇరవై ఐదు నిమిషాలు. బందరు ప్యాసింజరు కూడా అన్నిచోట్ల ఆగదు.

కాలేజీ ల్యాబు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన ఏడు నెలలు వసారాలో కూర్చుని పాత కుక్కరుకి రాగి గొట్టం, టైమరు బిగించాడు. ఐదూ నలభైకి విజిల్. గొట్టం కింద గ్లాసులో కాఫీ.

మొదటిరోజు విజిల్ రొయ్యల దగ్గర పడింది. రత్నకుమారి "ఆమేన్" అని లేచింది.

"బాగుందండీ. ఇక ఆరున్నర బస్సే అందుతుంది."

"చెప్పానా?" అన్నాడు దైవాధీనం.

బడి నుంచి ఆవిడ వచ్చేది సాయంత్రం ఆరింటికి. ఏడింటికి ఖాళీ అయ్యే ఇల్లు ఆరున్నరకే ఖాళీ అయింది.

నాలుగోరోజుకి పోయిందేమిటో తెలిసింది. ఆవిడ "ఏవండీ" అంటుంది. బెన్నీ "మావయ్యగారూ" అంటాడు. ఆయన పేరు రోజుకి ఒక్కసారే వినబడేది, ప్రార్థన చివర: "నీ దాసుడు దైవాధీనాన్ని కాపాడు." ఇప్పుడు రొయ్యల్ని కాపాడి లేచిపోతోంది.

అడగడానికి నామోషీ. టైమరు ఐదు నిమిషాలు ఆలస్యానికి జరిపాడు. ఆవిడ హెడ్‌మాస్టరు షుగర్ని చేర్చింది. పది జరిపాడు. బెన్నీ డ్రైవింగ్ లైసెన్సు చేరింది. పదిహేను జరిపితే కాఫీ యంత్రానికి దీర్ఘాయువు అడిగింది.

శనివారం ప్లగ్గు పీకేశాడు.

ప్రార్థనలో అందరూ అయిపోయారు. విజిల్ లేదు. రత్నకుమారి ఒక కన్ను తెరిచి గోడ దగ్గర వేలాడుతున్న ప్లగ్గు చూసి మళ్లీ మూసింది.

"ప్రభువా, నీ దాసుడు దైవాధీనం నా ప్రార్థన ఆపడానికి ఏడు నెలలు కష్టపడ్డాడు. సాగదీయడానికి వారం నుంచి దొంగతనంగా టైమరు తిప్పుతున్నాడు. ఇవాళ ప్లగ్గు పీకాడు. క్షమించు."

"నీకు తెలుసా?"

"ఆమేన్ అనలేదింకా. కళ్లు మూసుకోండి."

మూసుకున్నాడు.

"దైవాధీనాన్ని కాపాడు. తన చేత్తో కాఫీ పెట్టే బలం ఇవ్వు. ఆమేన్."

ఆయన తలొంచుకుని వెళ్లి స్టవ్ వెలిగించాడు.

"తీరిగ్గానే పెట్టండి," అంది వెనక నుంచి. "ఏడింటి బస్సుకే వెళ్తాను."